లలిత సంగీతమా, కలగూరగంపా?

మొన్న మంగళవారం పొద్దున పప్పు కుక్కర్లో పడేసి, చింతపండు నానబెట్టి, రేడియో పెట్టాను. (ఇప్పుడు మా ఇంట్లో రేడియో అంటే ఫోనే లెండి. మనవరాలు అందులో ఏదో నొక్కి చూపించింది, అది మర్చిపోకుండా రోజూ నొక్కుతున్నాను.) "ఇప్పుడు లలిత సంగీతం" అని ఒకమ్మాయి చక్కటి గొంతుతో చెప్పింది. ప్రాణం లేచొచ్చింది. గరిటె పక్కన పెట్టి కూర్చున్నాను.

మొదట వేంకటేశ్వరస్వామి మీద పాట. దండం పెట్టుకున్నాను. రెండోది చెట్లు నాటమని చెప్పే పాట. మంచి మాటే, నాటాలి. మూడోదాని బాణీ ఎక్కడో విన్నట్టుందే అనుకుంటూ ఉండగా చరణం మధ్యలో గుర్తొచ్చింది, పాత సినిమా పాటకి కొత్త మాటలు తొడిగారు. నాలుగోది తెలుగు గజల్. ఐదోది అసలు పాటే కాదు, వేణువు! ఇంకా రెండు నిమిషాలు మిగిలాయి కాబోలు, వార్తల దాకా ఊదించారు. ఇన్నిట్లో ఒక్కదానికైనా రాసినవారెవరో, బాణీ కట్టినవారెవరో చెప్పలేదు. ఏ స్టేషనని మాత్రం నన్నడక్కండి. ఒక్క స్టేషన్ చేసే పని కూడా కాదిది.

"వినడానికి హాయిగానే ఉంది కదా, పేరుతో నీకేం పని?" అన్నారు మా వారు పేపరు దించకుండానే.

పేరుతో పనేమిటా? మధ్యాహ్నం పప్పని చెప్పి చారు పోస్తే ఊరుకుంటారా ఈయన? "పప్పేదీ?" అని కేకేయరూ? నాలుక విషయంలో ఉన్న పట్టింపు చెవి విషయంలో ఎందుకుండదో నాకర్థం కాదు. కూరలమ్మే ఆమె కూడా తోటకూరని తోటకూర అనే అమ్ముతుంది, అన్నీ కలిపి గంపలో పోసి "ఆకుకూర తీసుకో అమ్మా" అనదు.

అసలీ లలిత సంగీతం అన్న మాటకి రేడియో వారిచ్చిన అర్థం ఏమిటని ఆలోచిస్తే నాకు కనబడిందేమిటంటే, అది ఫలానాది అని వారు గట్టిగా చెప్పింది తక్కువ, ఫలానాది కాదు అని చెప్పిందే ఎక్కువ. శాస్త్రీయం కాదు. సినిమా కాదు. జానపదం కాదు. ఈ మూడూ కానిదల్లా లలితం. ఇంట్లో ఏ గదిలోనూ పట్టని సామానంతా పడేసే అటక లాంటిదన్నమాట.

ఈ అటక కట్టిన కథ కూడా కొంచెం చెప్పాలి. 1952లో బి.వి. కేస్కర్ గారు కేంద్రంలో సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యారు. ఆయనకి శాస్త్రీయ సంగీతమంటే ప్రాణం, సినిమా పాటంటే పడదు. రేడియోలో సినిమా పాటలు బాగా తగ్గించమన్నారు. వేసిన కాసిన్నిటికీ సినిమా పేరు చెప్పకూడదు, అది ప్రకటన కిందకి వస్తుందన్నారు. నిర్మాతలకి కోపం వచ్చి అసలు పాటలే ఇవ్వం పొమ్మన్నారు. శ్రోతలేం చేశారు? శాస్త్రీయ సంగీతం విన్నారా? అబ్బే! రేడియో ముల్లు సిలోన్ వైపు తిప్పారు. ఆ ఏడాదే అక్కడ అమీన్ సయానీ గారి బినాకా గీత్‌మాలా మొదలైంది. ఇక్కడ ఖాళీ అయిన చోట పెట్టడానికి సర్కారు వారికి సినిమావి కాని తేలిక పాటలు కావలసి వచ్చాయి. హిందీలో సుగమ సంగీతం అన్నారు, మనకి లలిత సంగీతం ఉండనే ఉంది. చివరికి 1957 అక్టోబరు 3న వివిధ భారతి పెట్టి సినిమా పాటని మళ్లీ ఇంట్లోకి పిలిచారనుకోండి, అది వేరే సంగతి.

"ఉండనే ఉంది" అన్నాను చూశారా, అదే ముఖ్యం. తెలుగులో లలిత సంగీతం కేస్కర్ గారి పుణ్యాన పుట్టలేదు. అంతకు చాలా ముందే, 1938లో మద్రాసు రేడియో వచ్చాక కొద్ది ఏళ్లకే, మనవాళ్లకది ఉంది. బాలాంత్రపు రజనీకాంతరావు గారు తనే రాసి తనే బాణీ కట్టేవారు. రావు బాలసరస్వతీదేవి గారు, టంగుటూరి సూర్యకుమారి గారు, వింజమూరి సీత, అనసూయ గార్లు పాడేవారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి వంటి కవులు రాస్తే పాలగుమ్మి విశ్వనాథం గారు, ఎం. చిత్తరంజన్ గారు వంటి వారు తర్వాతి రోజుల్లో బాణీలు కట్టారు. అందులో నియమం ఎవరూ రాసిపెట్టకపోయినా అందరికీ తెలిసిందే. ముందు ఒక మంచి కవిత ఉండాలి. ఆ కవిత కోసమే బాణీ పుట్టాలి. ఒక గొంతు పాడగలగాలి, పక్కన హార్మోనియం ఉంటే చాలు. (పాపం ఆ హార్మోనియాన్ని కూడా రేడియో వారు 1940 నుంచి ఎన్నో ఏళ్లు గడప దాటనివ్వలేదు. పరాయి దేశపుదట! ఆ మాట చెప్పిన మైకు ఏ ఊళ్లో తయారైందో!)

నాలుగో నియమం ఒకటుంది. అది పాడేవారిది కాదు, వినేవారిది. సంగీతం రాని మనిషి కూడా నాలుగైదుసార్లు విని నేర్చుకోగలగాలి. మా తరం ఆడవాళ్లకి ఈ నాలుగో నియమమే బతుకు.

ఎందుకంటారా? పెళ్లిచూపులు. "ఒక పాట పాడమ్మా" అని మగపెళ్లివారు సోఫాలో వెనక్కి వాలి కూర్చునేవారు. సినిమా పాట అందుకుంటే పిల్ల గడుసుదనుకుంటారు. త్యాగరాజ కృతి పాడదామంటే ఊళ్లో గురువుండాలి, ఇంట్లో ఫీజు కట్టే నాన్న ఉండాలి. ఇక మిగిలింది రేడియో పాట. మా హనుమకొండ ఇంట్లో మర్ఫీ సెట్టు ముందు నోట్‌బుక్కు పెట్టుకుని కూర్చునేదాన్ని. హైదరాబాదు నుంచి పాట నేర్పేవారు. ముందు సాహిత్యం నిదానంగా చెప్పేవారు, రాసుకోవడానికి వీలుగా. తర్వాత పల్లవి రెండుసార్లు, మళ్లీ మళ్లీ అనిపించడం, ఆ తర్వాత చరణం. వానొస్తే గరగర. గరగరలో పోయిన మాటని పక్కింటి వదినెని అడిగి పూరించుకునేదాన్ని, ఆవిడా రాసుకునేది కనక. నా పెళ్లిచూపుల్లో అలాంటి పాటే పాడాను. రెండో చరణంలో గాబరాతో ఒక మాట మింగేస్తే, ఎదురుగా కూర్చున్న మా అత్తమ్మ ఆ మాట అందించింది! ఆవిడ కూడా రేడియో ముందు కూర్చునే నేర్చుకుందట. సంబంధం అక్కడే ఖాయమైందని మా వారికి ఇప్పటికీ తెలియదు, తన మీసం చూసి ఒప్పుకున్నాననుకుంటారు.

చెప్పొచ్చేదేమిటంటే, ఆ పాటలు మేం వినడానికే కాదు, పాడుకోవడానికి. సినిమా పాటకి వెనక యాభై వయొలిన్లుంటాయి, మన గొంతులో అది సగమే వస్తుంది. లలిత గీతం మన గొంతులో పూర్తిగా వస్తుంది. బట్టలారేస్తూ, పిల్లని ఊపుతూ, ఎవరూ వినకపోయినా పాడుకున్నా అది పూర్తి పాటే.

ఇప్పుడు దాన్ని ఎలా సాగదీశారో చూడండి. దేవుడి పాటలకి పొద్దున్నే భక్తిరంజని ఉండగా అవి లలితంలోకి ఎందుకు దూరాలి? సర్కారు సందేశాలకి ప్రకటనలున్నాయి. అయినా దూరతాయి, ఎందుకంటే రికార్డు సిద్ధంగా ఉంటుంది. కొత్త పాట కావాలంటే కవిని అడగాలి, బాణీ కట్టించాలి, గాయనికి పారితోషికం ఇవ్వాలి, వాద్యగాళ్లని పిలవాలి. ఉన్నదాన్ని "లలితం" అని పిలిస్తే ఇదంతా తప్పుతుంది. అర్థం సాగినకొద్దీ ఖర్చు తగ్గుతుంది. నన్నడిగితే అసలు గుట్టు ఇదే.

ప్రైవేటు ఎఫ్.ఎం.ల వారు ఇంకో అడుగు ముందుకేశారు. వారికి లలితమన్న మాటే పాతబడింది. "మెలోడీ" అంటారు. రాత్రి తొమ్మిది దాటాక మెల్లగా నడిచే ప్రతి సినిమా పాటా మెలోడీయే. నాకు సినిమా పాట మీద కోపం లేదు సుమండీ, కేస్కర్ గారి పార్టీ కాదు నేను. 1951 నాటి మల్లీశ్వరిలో కృష్ణశాస్త్రి గారి కవితలకి సాలూరి రాజేశ్వరరావు గారు కట్టిన బాణీలు లలిత సంగీతం కావంటే నేను ఒప్పుకోను. కానీ వాటిని సినిమా పాటలని చెప్పే వెయ్యండి, నేనూ కూర్చుని వింటాను. "మెలోడీ" అన్న దుప్పటి కప్పి, దాని కింద లలిత గీతానికి చోటు లేకుండా చేయకండి.

మా మేనల్లుడు న్యూజెర్సీలో ఉంటాడు. ఈ గోల వాడితో వెళ్లబోసుకుంటే, "అత్తా, ఇక్కడా ఇదే కథ జరిగింది" అని స్మూత్ జాజ్ సంగతి చెప్పాడు. జాజ్ అంటే అమెరికాలో నల్లవారు పుట్టించిన సంగీతం. అప్పటికప్పుడు మనోధర్మంతో వాయించేది, కొంచెం మన తానం, స్వరకల్పన లాగ. 1980ల్లో అక్కడి రేడియోలకి సలహాలిచ్చే నిపుణులు శ్రోతలని కూర్చోబెట్టి ముక్కలు ముక్కలుగా వినిపించి, ఏది చెవికి గుచ్చుకోదో అడిగి కనుక్కునేవారట. అలా అడిగినప్పుడు ఒక శ్రోత నోటి నుంచే "స్మూత్ జాజ్" అన్న మాట వచ్చిందని చెబుతారు. 1987 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలిస్‌లో రాక్ సంగీతం వేసే ఒక స్టేషన్‌ని ఆపేసి "ది వేవ్" అని పెట్టారు. మొదట్లో అందులో కబుర్లు చెప్పే అనౌన్సరే ఉండేవాడు కాదట, పాట వెనక పాట, అంతే. జనానికి నచ్చింది. ఊరూరా అలాంటివి వెలిశాయి. ఆ తర్వాత జాజ్ కాని ప్రేమ పాటలు కూడా మెత్తగా ఉంటే చాలు, అందులో చేర్చుకుంటూ పోయారు. చివరికి 2008లో న్యూయార్క్ స్టేషన్ మళ్లీ రాక్ సంగీతానికి మారిపోయింది, 2009లో షికాగోది కూడా పోయింది. దంతవైద్యుడి దగ్గర కూర్చున్నప్పుడు వినే సంగీతం అని పేరు మిగిలిందని మావాడు నవ్వాడు. వాడికి నవ్వులాట, నాకు గుండెల్లో రాయి పడింది. ఎవరినీ నొప్పించకుండా ఉండటమే గుణమని పెట్టుకున్న సంగీతం ఎవరికీ అక్కర్లేకుండా పోయింది.

ఇప్పుడు అసలు కోపం కక్కుతాను. ఇంతసేపూ లోపలికి రాకూడనివి వచ్చాయన్నాను. రావలసింది గడప బయట నిలబడ్డ సంగతి చెప్పలేదు.

చాలా ఏళ్ల కిందటి మాట. మా వారు రైల్వేలో చేసేవారు. కాజీపేట జంక్షన్‌లో రాత్రి డ్యూటీ పడ్డప్పుడల్లా కిటికీలోంచి బండ్ల కూతలు లెక్కపెడుతూ కూర్చునేదాన్ని. ఆ రాత్రుల మీద ఒక పాట రాశాను. మా ఇంట్లో మాట్లాడే మాటల్లోనే రాశాను. బాణీ కూడా నేనే కట్టుకున్నాను. ధైర్యం చేసి ఒక రేడియో స్టేషన్‌కి (పేరు చెప్పను, ఊరూ చెప్పను) ఆడిషన్‌కి వెళ్లి లలిత సంగీతం కింద పాడాను. అక్కడి పెద్దమనిషి మంచివాడే, ఓపిగ్గా విన్నాడు. "బాగుందమ్మా, కానీ ఇది జానపదం కదా" అన్నాడు. కాదండీ, నేనే రాశాను, పోయిన శ్రావణంలో రాశాను అన్నాను. "యాసలో ఉంది కదమ్మా. పోనీ ఒక పని చెయ్యండి, ఆ 'యాది' తీసేసి 'స్మృతి' అని పెట్టండి, లలితంలో తీసుకుంటాం" అన్నాడు.

'యాది'కి మూడు మాత్రలు. 'స్మృతి'కి రెండు. పోనీ 'జ్ఞాపకం' అందామంటే ఐదు. తాళం కుంటుతుందండీ అన్నాను. తాళం సంగతి సరే, మనసు సంగతో? కాజీపేటలో మొగుడి కోసం కిటికీలో కూర్చున్న ఆడదానికి స్మృతులుంటాయా? యాదికొస్తాడు, అంతే.

ఇంటికొచ్చి ఏడ్చాను. ఆ మరుసటి వారమే రేడియోలో లలిత సంగీతమని చెప్పి ఎంకి పాట వేశారు. మా అత్తమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ తలెత్తి అడిగింది.

"మరి గా ఎంకి ఏ కాలేజిల చదివిందే?"

ఆ ప్రశ్నకి ఇన్నేళ్లయినా నాకెవరూ జవాబు చెప్పలేదు. 1925లో నండూరి సుబ్బారావు గారు ఎంకి పాటలు పుస్తకంగా వేశారు. గోదావరి పల్లెల్లో వ్యవసాయం చేసుకునేవారు మాట్లాడే మాటల్లో, యాసలో రాశారు. గొప్ప పాటలు, నా నోట్‌బుక్కులోనే ఎన్నో ఉన్నాయి. అవి లలితం కావని నేననను. ఆయన వకీలు, చదువుకున్న కవి, పల్లె మాటని ముచ్చటపడి రాశారు, అది లలితమైంది. ఆ పల్లె మాటే నోటి మాట అయినవారు రాస్తే జానపదం అవుతుందా? ఇదెక్కడి న్యాయం?

పగబట్టి చేశారని నేననుకోను. రేడియో ఎక్కడ ముందొస్తే అక్కడి మాట లలితమైంది. తెలుగు పాటకి మొదట మైకు దొరికింది 1938లో మద్రాసులో, తర్వాత 1948లో విజయవాడలో. మా వైపు నిజాం కాలంలో 1935 నుంచే దక్కన్ రేడియో ఉన్నా దాని మాట ఎక్కువగా ఉర్దూ. 1950లో హైదరాబాదు కేంద్రం ఆకాశవాణి కిందకి వచ్చేసరికి "లలితమైన తెలుగు" అంటే ఎలా ఉండాలో అప్పటికే స్థిరపడిపోయింది. వరంగల్లుకి సొంత స్టేషన్ 1990లో గానీ రాలేదు. అప్పటికి అటక మీద సామానంతా సర్దేసి ఉంది, మా మాటకి మిగిలింది జానపదం అన్న అర.

జానపదం అంటే చిన్నతనమా అని ఎవరైనా నిలదీయవచ్చు. కానే కాదు. వేయిస్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల నాడు వందలమంది ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరిగే బతుకమ్మ పాట ముందు ఏ సంగీతమైనా చిన్నదే. కానీ జానపదానికి కర్త ఉండడు, నోటినుంచి నోటికి వస్తుంది, అందరిదీ. నా పాటకి కర్త ఉంది, తేదీ ఉంది, కిటికీ ఉంది! దాన్ని జానపదంలో వేస్తే నా పేరు పోతుంది. "సేకరణ" అంటారు. నా కడుపున పుట్టిన పిల్లని నేను సేకరించానంటే నేనెట్లా ఊరుకుంటాను?

ఇంకో సంగతి. 2024లో తెలంగాణ రాష్ట్ర గీతంగా తీసుకున్న పాట రాసిన అందెశ్రీ గారు పాత వరంగల్ జిల్లా రేబర్తిలో పుట్టారు. బడి చదువు లేదు, పశువులు కాశారు. ఆ పాట తీసి చదవండి, ఎంత బరువైన సంస్కృత సమాసాలున్నాయో! సమాసాలుంటే లలితమైతే అది లలితమే. రాసినవాడు బడికి పోకపోతే జానపదమైతే అది జానపదమే. ఏ కొలత పట్టుకుంటారో పట్టుకోండి, కానీ ఒకటే కొలత పట్టుకోండి. ఆయన 2025 నవంబరులో పోయారు, నేనడిగినా ఇక ఆయన చెప్పలేరు. అయినా ఇది కవి చెప్పవలసింది కాదు, అర మీద చీటీ అంటించేవారు చెప్పవలసింది.

మా హనుమకొండలో బతికిన కాళోజీ గారు జనం మాట్లాడే భాష కోసం జీవితమంతా కొట్లాడారు. ఆయన పుట్టిన సెప్టెంబరు 9ని 2014 నుంచి తెలంగాణ భాషా దినోత్సవం చేస్తున్నారు. ఆ రోజు అన్ని చోట్లా ఉపన్యాసాలుంటాయి. మర్నాడు పదో తారీకున లలిత సంగీతంలో "యాది" అన్న మాట వినబడుతుందేమోనని నేను ఏటా చెవులు రిక్కించి కూర్చుంటాను.

"కాలంతో పాటు సాగాలి కదండీ, మీరే పాతకాలం పట్టుకు వేలాడుతున్నారు" అంది మా పక్కింటి లెక్చరరమ్మ. సాగొద్దని ఎవరన్నారు తల్లీ? రజనీ గారి తరం సాగదీయలేదా? శాస్త్రీయ రాగాన్ని వంచారు, పల్లె బాణీ తెచ్చుకున్నారు. అయితే ఏ వైపు సాగినా కవిత చేతిలోనే ఉంచుకుని సాగారు. గోధుమపిండి సాగదీస్తే రొట్టె అవుతుంది, నీళ్లు పోసుకుంటూ పోతే జావ అవుతుంది. రెండూ సాగినట్టే కనిపిస్తాయి. గజల్‌ని కూడా నేను కాదనను, మంచి తెలుగు కవిత ఉంటే రానివ్వండి. కవి పేరు చెప్పండి ముందు.

నేనడిగేది కూడా పెద్ద ఖర్చుది కాదు. లలిత సంగీతమని చెప్పినప్పుడు కవి పేరు, బాణీ కట్టినవారి పేరు చెప్పాలి. చెప్పలేకపోతే ఆ పాట అందులో వేయవద్దు. నెలకి ఒక్కటంటే ఒక్కటి కొత్త కవిత, రాసుకోవడానికి వీలుగా నిదానంగా చదివి, నేర్పాలి. అందులో ఏడాదికి మూడో నాలుగో మా వరంగల్ మాటలో, పాలమూరు మాటలో, శ్రీకాకుళం మాటలో ఉండాలి, మాటలు దిద్దకుండా.

ఇదే సంగతి కార్డు మీద రాసి మూడు స్టేషన్లకి పంపాను. మా వారే పోస్టు డబ్బాలో వేసి వచ్చారు, "యాదికుంచుకొని వేసిన" అని చెప్పారు కూడా. మీరూ ఒకటి రాయండి. చిరునామా ఎక్కడ వెతకాలా అనుకోకండి, ఉత్తరాల కార్యక్రమంలో వాళ్లే చదువుతారు, పెన్నొకటి పక్కన పెట్టుకోండి చాలు.